దొర కడుపులో రాయి

పొద్దున్నే స్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని, దుకాణంలో గల్లాపెట్టె ముందు దీపం వెలిగిస్తాను. పక్కన ఇత్తడి పళ్ళెంలో ఒక తెల్ల రాయి ఉంటుంది. దానికి కుంకుమ బొట్టు పెడతాను. కొత్త కోడలిగా ఉన్న రోజుల్లో మొదలైన పని ఇది. బయట ఉన్న రోజులు తప్పితే ఇన్నేళ్ళలో ఒక్కనాడూ మానలేదు. రాయి నిమ్మకాయ కంటే పెద్దదేమీ కాదు. దాని బరువు మాత్రం నాకు ఒక్కదానికే తెలుసు.

నా పేరు రాయను. చేవెళ్ళలో ఒక కోమటింటి కోడలిననీ, మా నాన్న ముచ్చటపడి నాకు నాలుగు తెలుగు అక్షరాలు నేర్పించాడనీ మాత్రం చెబుతాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళయితే చెబుతుండగానే నా ముఖం చూస్తారు, ఆ చూపు చూసి నేను మాట మార్చేస్తాను. మాట మార్చడం నాకు బాగా వచ్చు. ఎంత బాగా వచ్చో మీరే చూద్దురుగాని.

ఇంకొక సంగతి ముందే చెప్పాలి. చాలా కాలం అన్యాయం నాకే జరిగిందని నమ్మాను. నన్ను వాడుకున్నారని, నన్ను నలుగురిలో నిలబెట్టి అడగకూడని మాట అడిగారని, నమ్మినవాళ్ళే నన్ను ముంచారని. అలా నమ్మితే నిద్ర పడుతుంది. ఎవరు ఎవర్ని ముంచారో ఒప్పుకోవడానికి నాకు ఇంత కాలం పట్టింది.

నేను కాపురానికి వచ్చిన నెలలోనే మా మామగారి ఉప్పు బండి దారిలో వానకు చిక్కింది. ఇల్లు చేరేసరికి గోనెసంచులు మిగిలాయి, ఉప్పు లేదు. కాలం కాని కాలంలో వాన. దానికీ నాకూ ఏమిటి సంబంధం? కానీ మా అత్తమ్మ దృష్టిలో ఆ ఉప్పును కరిగించింది నా కాలే. ఆ ఇంట్లో ఆనవాయితీ ప్రకారం కోడలు వచ్చాక దుకాణంలో దీపం కోడలి చేతితోనే పెట్టించాలి. నన్ను మాత్రం దుకాణం గడప కూడా తొక్కనివ్వలేదు. వెనక వాకిట్లో నీళ్ళు తోడడం, శెనగలు చెరగడం, పశువుల కొట్టం చూసుకోవడం, ఇవీ నా పనులు. మా ఆయన మంచివాడే. తల్లి ఎదురుగా మాత్రం ఆయనకు నోరు ఉండేది కాదు.

ఆ ఇంట్లో నాతో నవ్వుతూ మాట్లాడింది అనసూయ ఒక్కతే. మా ఆడబిడ్డ, నా ఈడుదే. పెళ్ళయిపోయింది గాని ఇంకా అత్తవారింటికి పంపలేదు. ఆమె దగ్గర ఒక తాబేలు ఉండేది. వీపు మీద పసుపుపచ్చ చుక్కల గీతలుండే మెట్ట తాబేలు. చిన్నప్పుడు జొన్న చేలో దొరికిందట. దానికి దొర అని పేరు పెట్టింది. ఎందుకలా అని అడిగితే, పని చెయ్యడు, మెల్లగా నడుస్తాడు, మనమే పక్కకు తప్పుకోవాలి, ఇంకేం పేరు పెడతాం అంది. పక్కింటివాళ్ళకు వినపడుతుందని అత్తమ్మ తిట్టేది. మేమిద్దరం కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుకునేవాళ్ళం.

ఎవరు ఎత్తినా దొర తల, కాళ్ళు చటుక్కున చిప్పలోకి లాక్కునేవాడు. అనసూయ ఎత్తితే లాక్కునేవాడు కాదు. మెడ చాచి ఎటు తీసుకుపోతోందో చూసేవాడు.

అనసూయను మొయినాబాదుకు పంపేటప్పుడు వాళ్ళ అత్తవారు తాబేలు వద్దన్నారు. సవారి బండి ఎక్కే ముందు వెనక వాకిట్లోకి వచ్చి దొరను నా చేతుల్లో పెట్టింది.

"వదినె, వీన్ని నీ చేతుల పెడుతున్న. అవ్వకు కోపమొస్తే తీసి బయట పారేస్తది. నువ్వే చూస్కోవాలె."

చూసుకుంటానన్నాను. నిజంగానే చూసుకున్నాను, కొంతకాలం. ఈ వాక్యం రాస్తూ ఒకసారి ఆగాను. కొంతకాలం అనే మాట కొట్టేద్దామా అనిపించింది. కొట్టెయ్యలేదు.

ఆ ఎండాకాలం ముదిరేసరికి దొరకు జబ్బు చేసింది. తిండి మానేశాడు. వెనక కాళ్ళు నేలకు తన్ని పెట్టి, మెడ ముందుకు చాచి, నోరు తెరిచి ముక్కేవాడు. ఏమీ వచ్చేది కాదు. కడుపు కట్టేసిందనుకున్నాం. కొట్టులో రాలిన శెనగలు తిని తిని అరగక అలా అయిందేమోనని నా అనుమానం. అప్పుడే అనసూయ పుట్టింటికి వచ్చింది. వాడి ముందు కూర్చుని చాలాసేపు చూసింది.

"వాన మొదట వడ్డప్పుడు సూడలేదా వదినె? వాడు గుంటల్ల కూసుంటడు, తాగుతడు, గప్పుడే కడుపు ఖాళీ చేస్కుంటడు. గిప్పుడు వాన లేదు. మనమే వాన తేవాలె."

వెడల్పాటి తాంబాళంలో గోరువెచ్చని నీళ్ళు పోసి, దొర గడ్డం కిందికి వచ్చేంత లోతు చూసి, అందులో దించింది. మొదట బెదిరాడు. తర్వాత ముక్కు నీళ్ళలో పెట్టి గటగటా తాగడం మొదలుపెట్టాడు. తాబేలు అంతసేపు తాగుతుందని నాకు అంతకుముందు తెలియదు. చల్లారిన నీళ్ళు తీసి వెచ్చనివి పోస్తూ మేమిద్దరం పక్కనే కూర్చున్నాం. శెనగ గింజ కూడా పెట్టొద్దని, సొరకాయ ముక్క, లేత ఆకులు పెట్టమని చెప్పింది. ఆమె ఉన్నన్నాళ్ళూ రోజూ అలాగే చేశాం. వెళ్ళిపోయేటప్పుడు మానొద్దని ఒట్టు వేయించుకుంది. ఆమె వెళ్ళాక కూడా మానలేదు. అత్తమ్మ పూజలో ఉన్న వేళ చూసి పశువుల కొట్టం వెనక తాంబాళం పెట్టేదాన్ని. అప్పటికి దొర నా చేతికి కూడా అలవాటు పడ్డాడు. నేను ఎత్తినా తల లోపలికి లాక్కునేవాడు కాదు.

ఒక పొద్దున నీళ్ళలో ఉండగానే వాడి ఒళ్ళంతా బిగుసుకుంది. బుస్సుమని ఊపిరి వదిలాడు. నీళ్ళలో ఎర్రటి జీర కనపడింది. అడుగున ఏదో టక్కుమని తగిలింది. తీసి చూస్తే రాయి. రేగుపండంత, తెల్లగా, సున్నపు గడ్డలా గరుకుగా ఉంది. గుడ్డేమో అనుకున్నాను. గుడ్డు కాదు. ఇంత గట్టి ముక్క ఆ చిన్న ప్రాణం లోపల ఎలా పెట్టుకుందో! దొర నీళ్ళలోనే కాళ్ళు చాపి మెడ వాల్చేశాడు. హాయిగా ఉన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. ఈ మాట అనసూయకు ఎప్పుడు చెబుతానా అనిపించింది.

దొరను ఎండలో వదిలి, నీళ్ళు పారబోసి, తాంబాళం కడిగి బోర్లించాను. రాయి కడిగి అరచేతిలో పెట్టుకుని చూస్తూ నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే అత్తమ్మ వెనక వాకిట్లోకి వచ్చింది.

"ఏందే అది, చేతుల?"

నిజం చెబితే ఏమయ్యేది? ఇంటి తాంబాళంలో తాబేలును ముంచినందుకు నాలుగు తిట్లు తినేదాన్ని. అంతే. అలవాటే కదా. కానీ ముందురోజే, దుకాణంలో నూనె అయిపోతే గిన్నె అందించబోయిన నన్ను, కొనడానికి వచ్చినవాళ్ళ ముందు, గడప అవతలే ఆగు అని అరిచింది. ఆ మంట ఇంకా లోపల ఉంది. ఆ మంటే మాట్లాడిందని చెప్పుకుంటూ వచ్చాను. మంటకు నోరు ఉంటుందా? మాట్లాడింది నేనే.

"దొర ముంగట కూసోని దండం పెట్టుకుంటున్న అత్తమ్మా. వాడే తెచ్చి గిది నా ముంగట పెట్టిండు."

అత్తమ్మ నా అరచేతి నుంచి రాయి తీసుకుని కళ్ళకద్దుకుంది. కూర్మావతారం అంది. ఆ మాటతో ఆమె గొంతు మారిపోయింది. నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ ఇంట్లో ఎవరైనా నన్ను అలా ముట్టుకోవడం అదే మొదలు. రాయిని పట్టుగుడ్డలో చుట్టి గల్లాపెట్టెలో పెట్టారు. మర్నాడు దుకాణంలో దీపం నా చేత పెట్టించారు. పెళ్ళిళ్ళ రోజులు కావడం వల్ల ఆ వారమంతా బేరాలు బాగా జరిగాయి. ఏటా ఆ రోజుల్లో జరిగేవే. ఆ ఏడు మాత్రం అది నా చేతి మహిమ అయింది. లచ్చిమి చెయ్యి అని అత్తమ్మ వచ్చినవాళ్ళకల్లా చెప్పేది. నేను తల వంచుకునేదాన్ని. వినయం అనుకునేవారు.

ఆ తల వంచుకోవడం నాకు ఎంత నచ్చిందో చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. చాలా నచ్చింది.

ఇప్పుడు ఇంట్లో అందరి చూపూ దొర మీదే. ఒకటి ఇచ్చినవాడు ఇంకొకటి ఇవ్వడా? కడుపులో ఇంకా ఉండే ఉంటాయని మామగారు తేల్చారు. సరుకు ఎలా కాపాడాలో కోమట్లకు ఒకరు నేర్పక్కర్లేదు. సరుకుకు శత్రువు తడి. బియ్యానికైనా, బెల్లానికైనా, ఉప్పుకైనా అదే మాట. దొరను తెచ్చి శెనగల గదిలో పెట్టారు. అక్కడ నేల బాగా పొడిగా ఉంటుంది. తినడానికి శెనగలు. రాయి తెల్లగా ఉంది కాబట్టి అది పెరగాలంటే సున్నం కావాలని అత్తమ్మకు తోచి, తమలపాకుల పెట్టెలోని సున్నం శెనగపిండిలో కలిపి ఉండలు చేసి పెట్టించింది. నీళ్ళ మాట నేను ఒకే ఒకసారి ఎత్తాను. అదీ గొంతులోనే.

"ఉప్పు బండి గతి యాదికి లేదా? నీళ్లు తగిల్తె కడుపులదంత కరిగి పోతది," అంది అత్తమ్మ.

ఉప్పు బండి పేరు ఎత్తగానే నా నోరు పడిపోయింది. ఇంకొక్క మాట అంటే మళ్ళీ గడప అవతలికే. రాయి నీళ్ళల్లో కరగదని, నీళ్ళల్లోనే బయటికి వచ్చిందని ఆ ఇంట్లో తెలిసింది నాకు ఒక్కదానికే. దొర ప్రాణం ఆ ఒక్క మాట మీద ఉంది. ఆ మాట నా దగ్గర ఉంది.

తాబేలు మణి ఇచ్చిందన్న కబురు మొయినాబాదు దాకా పోయింది. అనసూయ పరుగున వచ్చింది. కాళ్ళు కూడా కడుక్కోకుండా శెనగల గదిలోకి వెళ్ళి దొరను ఎత్తుకుంది. వాడు మళ్ళీ ముక్కుతున్నాడు. ఒక వెనక కాలు ఈడుస్తున్నాడు. దొరను ఒళ్ళో పెట్టుకుని నడింట్లోకి వచ్చి కూర్చుంది. అందరం అక్కడే ఉన్నాం.

"అవ్వా, అది దేవుడిచ్చింది గాదు. రోగం. నీళ్లల్ల పెడితె బయటికొచ్చింది. మల్ల పెట్టకపోతె సస్తడు."

"అత్తగారింటికి మోస్కపోదామని వచ్చినవా పుట్టింటి లచ్చిమిని?" అంది అత్తమ్మ.

"నాకేం వద్దు. పట్నమంత మా గండిపేట నీళ్లు తాగబట్టె. వీనికి చెంబెడు నీళ్లు పోస్తె మీ సొమ్మేం బోతది?" అని నా వైపు తిరిగింది. "వదినె, నువ్వు జెప్పు. నేను వొయ్యినంక నీళ్లల్ల పెట్టినవా లేదా? గిప్పుడు నీ మాటంటె అవ్వ ఇంటది."

నిజమే. వినేది. అందుకే నాకు ఆమె మీద కోపం వచ్చింది. ఒంటరిగా పిలిచి అడగొచ్చు కదా? నలుగురి ముందు నన్ను ఎందుకు నిలబెట్టాలి? నాకున్న ఆ కాస్త చోటూ లాగేసుకోవడానికి వచ్చిందా? పుట్టింట్లో ఎప్పుడూ లోటెరుగని పిల్ల, ఆమెకేం తెలుసు గడప అవతల నిలబడటమంటే? ఇవన్నీ ఒక్క రెప్పపాటులో అనిపించాయి. ఆ తర్వాత ఏళ్ళ తరబడి వీటినే తిప్పి తిప్పి చెప్పుకున్నాను.

"నేను పెట్టలె అనసూయా. నువ్వు వొయ్యినంక ఒక్కనాడు గూడ పెట్టలె. రాయి దానంతటదే వచ్చింది."

అనసూయ నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. ఏదో లెక్క తప్పినట్టు, తనలో తాను వెతుక్కుంటున్నట్టు చూసింది. దొరను మెల్లగా నేల మీద దించింది. సాయంత్రం బండికే వెళ్ళిపోయింది. పుట్టింటి భాగ్యానికి కన్నేసిందని ఊళ్ళో చెప్పుకున్నారు. ఆ మాట నా చెవిన పడ్డప్పుడల్లా నేను వేరే పని చూసుకునేదాన్ని.

వానలు రాకముందే దొర చచ్చిపోయాడు. శెనగల గదిలో, మెడ చాచి ఉన్నాడు. అత్తమ్మ ఏడ్చింది. ఆ తర్వాత జీతగాడిని పిలిచి పశువుల కొట్టం వెనక చిప్ప విప్పించింది. కోడిగుడ్డు పేరు ఇంట్లో ఎత్తనివ్వని మనిషి ఆమె. లోపల నిమ్మకాయంత రాయి ఉంది. దాని చుట్టూ ఇక చోటు మిగల్లేదు. ఆ రాయే ఇప్పుడు ఇత్తడి పళ్ళెంలో ఉన్నది. దాన్ని కడిగి పసుపు రాయమని నాకే ఇచ్చారు. రాశాను.

ఆ పెద్ద రాయి వచ్చాక లచ్చిమి అదే అయిపోయింది. నా చెయ్యి మళ్ళీ మామూలు చెయ్యి అయింది. దేనికోసం నోరు మూసుకున్నానో అది నాకు ఒక్క ఎండాకాలం కూడా నిలవలేదు. అప్పుడు అత్తమ్మ నన్ను మోసం చేసిందని కుమిలిపోయాను. చూడండి, అప్పుడు కూడా నాకే! దీపం, బొట్టు మాత్రం నాకే ఉండిపోయాయి, అంట్లు తోమడం లాగే.

ఏళ్ళు గడిచాయి. మామగారు పోయారు, తర్వాత అత్తమ్మ పోయింది. మొన్న రాజ్యం మారేటప్పటి గొడవలు సద్దుమణిగి దారులు తెరుచుకున్నాక అత్తమ్మ సంవత్సరీకానికి అనసూయ కూతుర్ని తీసుకుని వచ్చింది. వెనక వాకిట్లో మేమిద్దరం మోదుగాకులతో విస్తళ్ళు కుడుతూ కూర్చున్నాం. దొర మాట ఇద్దరం ఎత్తలేదు. చివరికి తనే తాబేలు మాట ఎత్తింది. కూతురికి చెరువు వైపు పొలంలో ఒక చిన్న తాబేలు దొరికిందట. పిల్ల దాన్ని వదలడం లేదట. ఇప్పుడది తిండి మానేసి ముక్కుతోందట.

"ఏం చెయ్యాలె వదినె?"

"నీళ్లల్ల పెట్టు," అన్నాను. ఆలోచించకుండానే అన్నాను.

"వద్దు వదినె. పోయినసారి నేను పెట్టిన పాపానికే గద దొర వొయ్యిండు. నువ్వు నీళ్లు ముట్టియ్యకున్నా రాయి దానంతటదే వచ్చింది. నేనే ముందుగాల నానబెట్టి నానబెట్టి వాని కడుపు ఖరాబు చేసిన. గా దినం నువ్వు చెప్పినంక గదే సోంచాయించుకుంట ఇంటికి వొయ్యిన. మస్తు ఏడ్సిన. నా చేతులతోటి నేనే సంపుకున్న."

ఆ రోజు ఆమె చూపుకు అర్థం అప్పుడు తెలిసింది. నేను అబద్ధం ఆడానని ఆమెకు తోచనేలేదు. వదినె మాట నిజమైనప్పుడు తన కళ్ళతో చూసిందే తప్పయి ఉంటుందనుకుంది. ఇన్నేళ్ళూ దొర చావును తనే మోసింది. నన్ను అసహ్యించుకుంటోందనుకుని నేను ఆమెకు ఎదురుపడకుండా తప్పించుకు తిరిగాను. ఆమె సిగ్గుతో తల దించుకుని తిరిగింది.

అప్పుడు కూడా ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఆ పిల్ల తాబేలు కూడా పొడి నేల మీదే చస్తుంది.

"రాయి నీళ్లల్లనే వచ్చింది," అన్నాను. "నువ్వు చెప్పినట్టే రోజు పెట్టిన. అత్తమ్మ ముంగట అబద్దమాడిన."

అనసూయ చేతిలో ఆకు ఆగిపోయింది. ఎందుకని అడుగుతుందని ఎదురుచూశాను. దానికి నా దగ్గర జవాబులున్నాయి, ఏళ్ళుగా కూడబెట్టుకున్నవి. ఆమె ఎందుకని అడగలేదు. ఆకుల వైపే చూస్తూ ఒక్కటే అడిగింది.

"ఆఖరుకు, వాడు నీళ్ల దిక్కు వొయ్యిండా వదినె?"

లోపలి నుంచి ఎవరో పిలిచారు. లేచి వెళ్ళిపోయాను. పిలవకపోయినా వెళ్ళేదాన్నేమో. సాయంత్రం బస్సుకు తల్లీ కూతురూ వెళ్ళిపోయారు. వెళ్ళొస్తానని నాకు చెప్పలేదు. ఆ చిన్న తాబేలు సంగతి ఇంతవరకూ కబురు లేదు. అడిగి పంపే మొహం నాకు లేదు. ఇవాళ పొద్దున కూడా ఆ రాయికి బొట్టు పెట్టాను. మానేస్తే ఎందుకని మా ఆయన అడుగుతాడు. అది కూడా మొదటి నుంచి చెప్పాలి. ముందు ఆమెకు చెప్పవలసిన జవాబు ఇక్కడ రాస్తాను. అది రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను. క్షమించమని అడగడానికి కాదు. లోపల పెట్టుకోలేక.

పోయాడు, అనసూయా. రోజూ పోయాడు. శెనగల గది తలుపు తీసి ఉంటే చాలు, చచ్చుపడిన కాలు ఈడ్చుకుంటూ వాకిలంతా దాటి బావి దగ్గరి తొట్టి దాకా పోయేవాడు. తొట్టి కింద తడిసిన మట్టి మీద గడ్డం ఆనించి కూర్చునేవాడు. సరుకు తడుస్తోందని అత్తమ్మ నన్ను కేక వేసేది. నేను వెళ్ళి ఎత్తేదాన్ని. ఎత్తితే తల లోపలికి లాక్కునేవాడు కాదు. నేనే కదా, తాంబాళం దగ్గరికి తీసుకుపోతున్నాననుకునేవాడు. మెడ చాచి చూసేవాడు. నేను తెచ్చి శెనగల గదిలో పెట్టి తలుపు వేసేదాన్ని.

ఇదీ జవాబు. చెప్పేశాను.